సముద్రమనుకున్న అఖాతం: హెన్రీ హడ్సన్ చివరి ప్రయాణం

1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లిష్ ఓడ కోరమండల్ తీరానికి వచ్చింది. పులికాట్‌లో డచ్చివాళ్ళు అడ్డుపడటంతో ఉత్తరానికి సాగి, ఇప్పటి నిజాంపట్నంలోనూ, ఆపైన మచిలీపట్నంలోనూ లంగరు వేసింది. తెలుగు నేల మీద ఈస్టిండియా కంపెనీ వ్యాపారం అలా మొదలైంది. ఆ సమయంలో కంపెనీ గవర్నర్ సర్ థామస్ స్మిత్ అనే లండన్ వర్తకుడు. సరిగ్గా అదే వేసవిలో, అతని డబ్బుతోనే బయలుదేరిన మరో చిన్న ఓడ భూగోళానికి అవతలి పక్కన, ఉత్తర అమెరికా మంచు నీళ్ళలోంచి ఇంటిదారి పట్టింది. దాని పేరు డిస్కవరీ. ఏడాది కిందట దాన్ని నడుపుకుంటూ వెళ్ళిన కెప్టెన్ ఇప్పుడందులో లేడు. అతన్నీ, అతని కొడుకునీ, మరో ఏడుగురినీ సొంత నావికులే ఒక చిన్న పడవలోకి దించి వదిలేశారు.

ఆ కెప్టెన్ హెన్రీ హడ్సన్. అతని పేరు ఇప్పుడు ఒక నదికీ, ఒక జలసంధికీ, భారతదేశ వైశాల్యంలో మూడో వంతుకు పైగా ఉండే ఒక అఖాతానికీ ఉంది. ఆ అఖాతం అతనికి ఎలా కనపడింది, నిజానికి అది ఏమిటి అన్న తేడాలోనే అతని చావు ఉంది.

రెండు ఓడలూ కోరుకున్నవి ఒకటే: మిరియాలు, లవంగాలు, జాజికాయ, పట్టు, నూలు బట్ట. గ్లోబ్ ఆఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రాన్ని చుట్టి వచ్చింది. ఆ దారిలో పోయి రావడానికి ఏళ్ళు పట్టేది. దారి పొడవునా పోర్చుగీసువాళ్ళతో, తర్వాత డచ్చివాళ్ళతో తగాదాలు. అందుకే లండన్, ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులకు ఉత్తరం మీద ఆశ. ఐరోపా నుంచి ఉత్తర ధ్రువం మీదుగానో, రష్యా పైనుంచో, అమెరికా పైనుంచో ఆసియాకు దగ్గరి దారి ఒకటి ఉండి తీరాలన్నది వాళ్ళ నమ్మకం. భూగోళం మీద దారం పెట్టి కొలిస్తే అది నిజమే అనిపిస్తుంది కూడా. దారానికి మంచు అడ్డురాదు.

హడ్సన్ ఎప్పుడు పుట్టాడో, ఎవరి దగ్గర నౌకా విద్య నేర్చాడో చెప్పే రికార్డు ఏదీ మిగల్లేదు. 1607 ఏప్రిల్‌లో లండన్‌లోని సెయింట్ ఎథెల్‌బర్గా చర్చిలో తన నావికులతో కలిసి ప్రార్థన చేసినప్పుడు అతను మొదటిసారి చరిత్రలోకి వస్తాడు. అప్పటికే పెళ్ళయినవాడు, పిల్లల తండ్రి. కొడుకు జాన్ అతనితోనే ఓడ ఎక్కాడు. మస్కోవీ కంపెనీ ఇచ్చిన హోప్‌వెల్ అనే ఓడలో ఉన్నది పన్నెండు మందే. పని మాత్రం చిన్నది కాదు: ఉత్తర ధ్రువం మీదుగా నేరుగా ఆసియా చేరాలి. వేసవిలో ధ్రువం దగ్గర సూర్యుడు అస్తమించడు కాబట్టి అక్కడి మంచు కరిగిపోయి ఉంటుందని అప్పటి భూగోళ పండితులు కొందరు లెక్కగట్టారు. స్పిట్స్‌బెర్గెన్ దగ్గర 80 డిగ్రీల అక్షాంశం దాటేసరికి ఎదురుగా మంచు గోడే కనిపించింది. హడ్సన్ వెనక్కి తిరిగాడు. అక్కడి నీళ్ళలో తిమింగలాలున్నాయన్న అతని కబురు మాత్రం వృథా కాలేదు. కొన్నేళ్ళకే వేట ఓడలు అక్కడికి బారులు తీరాయి.

1608లో మళ్ళీ వెళ్ళాడు, ఈసారి రష్యా పైనుంచి. నొవాయా జెమ్ల్యా దీవుల దగ్గర మంచు ఆపేసింది. ఆ ప్రయాణంలో ఇద్దరు నావికులు మత్స్యకన్యను చూశామన్నారు, హడ్సన్ ఆ సంగతిని గాలి దిశ రాసినంత మామూలుగా తన దినచర్యలో రాసుకున్నాడు. దానికంటే ఆలోచింపజేసేది మరొకటుంది. తిరుగు ప్రయాణంలో అతను నావికులకు ఒక ధ్రువపత్రం రాసిచ్చాడు. ఎవరూ తనను బలవంతపెట్టలేదనీ, తన ఇష్టంతోనే వెనక్కి తిరుగుతున్నాననీ అందులోని సారం. ఇష్టంతో తిరిగే కెప్టెన్‌కు అలాంటి కాగితం రాసివ్వాల్సిన అవసరం ఎందుకొస్తుంది? ఆ ఓడలో మేట్‌గా, అంటే కెప్టెన్ తర్వాతి అధికారిగా ఉన్నవాడు రాబర్ట్ జూయెట్. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

రెండుసార్లు ఓడినవాడి మీద మస్కోవీ కంపెనీ మరి డబ్బు పెట్టలేదు. డచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టింది. 1609 జనవరిలో ఒప్పందం: 800 గిల్డర్లు జీతం, తిరిగి రాకపోతే భార్యకు 200. రష్యా పైనుంచి తప్ప మరో దారి ఆలోచించకూడదన్నది షరతు. హాల్వ్ మాన్ అనే ఓడలో బయలుదేరాడు. మళ్ళీ మంచు, మళ్ళీ చలికి గొణిగే నావికులు. అప్పుడు హడ్సన్ షరతును గాలికొదిలేసి ఓడను పడమటికి, అట్లాంటిక్ దాటి అమెరికా వైపు తిప్పేశాడు. వర్జీనియా వలసలో ఉన్న మిత్రుడు జాన్ స్మిత్ పంపిన ఉత్తరాలూ పటాలూ అతని దగ్గరున్నాయి. 40 డిగ్రీల అక్షాంశం దరిదాపుల్లో అవతలి సముద్రానికి దారి ఉందేమోనని వాటిలో ఒక ఊహ. ఆ సెప్టెంబరులో మన్‌హటన్ పక్కనున్న నదిలోకి వెళ్ళి, ఇప్పటి ఆల్బనీ దాకా ఎగబాకాడు. నీళ్ళు తియ్యబడ్డాయి, లోతు తగ్గింది. అది దారి కాదు, నది. దారిలో స్థానికులతో కొన్నిచోట్ల బేరాలు, కొన్నిచోట్ల రక్తపాతం. మెయిన్ తీరంలో ఓడవాళ్ళు ఒక ఊరి మీద పడి దోచుకున్నారని రాసింది వాళ్ళలోవాడే, జూయెట్. తిరుగు దారిలో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మత్‌లో ఆగినప్పుడు, ఇకపై పరాయి దేశానికి పనిచేయడానికి వీల్లేదని ఇంగ్లిష్ అధికారులు అతన్ని ఆపేశారు. హడ్సన్ చూసిన నది ఆధారంగా డచ్చివాళ్ళు అక్కడ వలస పెట్టుకున్నారు. అదే తర్వాత న్యూయార్క్ అయింది. ఆజ్ఞ ధిక్కరించి చేసిన ప్రయాణమే అతని ప్రయాణాలన్నిటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది. అది అతనికి మంచి పాఠం కాలేదేమోనని నా అనుమానం.

ఇక నాలుగో ప్రయాణం. దాన్ని చెప్పేముందు ఆ అఖాతాన్ని ఒకసారి చూడాలి.

కెనడా పటం మీద ఉత్తరాన పెద్ద గిన్నెలా కనిపించేదే హడ్సన్ బే. దక్షిణం కొస నుంచి కిందికి వేలాడే సంచి లాంటిది జేమ్స్ బే. రెండూ కలిపి 12 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. వైశాల్యంలో బంగాళాఖాతంతో పోలిస్తే సగం అటూ ఇటూగా ఉంటుంది. లోతులో మాత్రం పోలికే లేదు. బంగాళాఖాతం సగటు లోతు 2,500 మీటర్లు దాటుతుంది, హడ్సన్ బేది 100 మీటర్లకు కాస్త పైన. మన అఖాతం దక్షిణాన హిందూ మహాసముద్రానికి బార్లా తెరుచుకుని ఉంటుంది. ఇదేమో దాదాపు అన్ని వైపులా నేలతో మూసుకుపోయింది. అట్లాంటిక్ నుంచి ఓడ లోపలికి రావాలంటే 750 కిలోమీటర్లకు పైగా సాగే హడ్సన్ జలసంధి దాటాలి. ఆ జలసంధి దక్షిణాన ఉన్న ఉంగావా అఖాతంలో ఆటుపోట్లు ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో లెక్క. లోపలికి ఎన్నో నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి, ఆవిరయ్యేది తక్కువ, బయటి సముద్రంతో రాకపోకలూ తక్కువ. అందుకే ఉప్పదనం తక్కువ, గడ్డకట్టడం తేలిక. డిసెంబరు చివరికి అఖాతమంతా తెల్లటి పలక అయిపోతుంది, జూన్, జూలై వస్తే గానీ విడదు.

ఇంకొక్క మాట. జేమ్స్ బే దక్షిణపు కొస 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. లండన్ అక్షాంశం 51న్నర. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే హడ్సన్ పొరపాటు సగం అర్థమవుతుంది. ఎంత దక్షిణానికి దిగితే అంత వెచ్చదనం అని అతని తరం నావికులు నమ్మారు. ఐరోపా తీరాన్ని అట్లాంటిక్ మీదుగా వచ్చే వెచ్చటి నీరూ, పడమటి గాలులూ కాపాడుతున్నాయని వాళ్ళకు తెలియదు. లండన్‌లో జనవరి అంటే చలి వాన. అదే అక్షాంశంలో జేమ్స్ బే ఒడ్డున జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీలు కింద. నిజానికి అక్కడికి ఇన్యుయిట్లు వచ్చి ఎన్నో వందల ఏళ్ళు, క్రీ ప్రజలు వచ్చి అంతకంటే ఎక్కువ. ఆ చలిలో ఎలా బతకాలో వాళ్ళకు తెలుసు. దారి వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు వాళ్ళను అడగలేదు.

జలసంధి ముఖద్వారం ఇంగ్లిష్‌వాళ్ళకు పూర్తిగా కొత్తదేమీ కాదు. 1578లో ఫ్రోబిషర్ పొరపాటున కొంత దూరం లోపలికి వెళ్ళి వెనక్కొచ్చాడు. 1587లో డేవిస్ అక్కడ నీళ్ళు సుడులు తిరుగుతూ గర్జించడం చూశాడు. 1602లో ఈస్టిండియా కంపెనీయే జార్జ్ వేమత్‌ను పంపింది, అతనూ కొంత దూరం పోయి తిరిగొచ్చాడు. అంతగా నీళ్ళు తోసుకొస్తున్నాయంటే లోపల పెద్ద సముద్రమే ఉండాలని అందరి ఊహ. థామస్ స్మిత్, డడ్లీ డిగ్స్, జాన్ ఉల్‌స్టెన్‌హోమ్ అనే ముగ్గురు ధనవంతులు ఆ ఊహ మీద డబ్బు పెట్టారు. 55 టన్నుల డిస్కవరీ 1610 ఏప్రిల్ 17న లండన్ వదిలింది. మొత్తం 23 మంది, వాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళు. ఒకడు హడ్సన్ కొడుకు జాన్. మేట్‌గా మళ్ళీ జూయెట్. థేమ్స్ నది దాటకముందే హడ్సన్ రెండు పనులు చేశాడు. సలహాదారుగా పెట్టిన అనుభవజ్ఞుణ్ణి ఒడ్డుకు దించేశాడు. తన ఇంట్లో ఉంటున్న హెన్రీ గ్రీన్ అనే యువకుణ్ణి, పెట్టుబడిదారుల జాబితాలో లేకపోయినా, ఓడ ఎక్కించుకున్నాడు. చదువూ చేతివాటమూ ఉన్న గొడవల మనిషి గ్రీన్. ఐస్‌లాండ్ చేరేసరికే ఓడ వైద్యుణ్ణి కొట్టాడు.

జూన్ చివర జలసంధిలోకి వెళ్ళి ఉంగావా మంచులో చిక్కుకున్నారు. అక్కడ హడ్సన్ నావికులందరినీ పిలిచి పటం పరిచి చూపించాడు. ఇంతకుముందు ఏ ఇంగ్లిష్‌వాడూ రాని చోటికి, వంద లీగులు ముందుకొచ్చామని చెప్పి, ముందుకా వెనక్కా అని అడిగాడు. తన దగ్గర వంద పౌండ్లుంటే ఇల్లు చేరడానికి తొంభై ఇచ్చేస్తానని ఒకడన్నాడు. తానైతే పది కూడా ఇవ్వనని వడ్రంగి ఫిలిప్ స్టాఫ్ బదులిచ్చాడు. అలా అడగడం హడ్సన్ మంచితనమో బలహీనతో చెప్పడం కష్టం. ఆ రోజుల్లో ఓడ మీద కెప్టెన్ అడిగేవాడు కాదు, చెప్పేవాడు.

ఆగస్టు మొదటి వారంలో జలసంధి పడమటి కొసన రెండు ఎత్తైన కొండల మధ్య నుంచి ఓడ బయటపడింది. వాటికి పెట్టుబడిదారుల పేర్లే పెట్టాడు: డిగ్స్, ఉల్‌స్టెన్‌హోమ్. ముందు నీళ్ళు దక్షిణానికి అంతులేకుండా పరుచుకున్నాయి. ఇది పసిఫిక్ అని, ఆసియా దగ్గరపడిందని హడ్సన్ అనుకున్నాడు. ఆగస్టు 3తో అతని దినచర్య ఆగిపోతుంది. ఆ తర్వాత రాయలేదని కాదు, ఆ తర్వాతి పేజీలు ఇంగ్లండ్ చేరలేదు. ఇక్కడి నుంచి కథ చెప్పేది ప్రధానంగా అబకక్ ప్రికెట్ అనే మనిషి. అతను డిగ్స్ సేవకుడు. కెప్టెన్‌ను వదిలేసిన ఓడలో క్షేమంగా ఇల్లు చేరినవాడు. తన మెడ కాపాడుకోవాల్సిన అవసరం ఉన్నవాడు. అతను చెప్పే ప్రతి మాటనూ ఈ ఎరుకతోనే వినాలి.

ప్రికెట్ చెప్పినదాంట్లో ఒక సంగతి: డిగ్స్ దీవి మీద ఇన్యుయిట్లు రాళ్ళతో కట్టిన గూళ్ళలో వందలకొద్దీ పక్షులు మెడలు వేలాడదీసి ఉన్నాయి. చలికాలానికి దాచుకున్న తిండి. ఒకటి రెండు రోజులాగి మనమూ వేటాడి నింపుకుందామని నావికులు అడిగితే హడ్సన్ ఒప్పుకోలేదు. దక్షిణాన సముద్రం పిలుస్తోంది, కాలం లేదు.

తూర్పు తీరం వెంట దిగి దిగి జేమ్స్ బేలోకి వచ్చారు. అక్కడ దక్షిణాన నేల. పడమట నేల. తిరిగి ఉత్తరానికి, మళ్ళీ దక్షిణానికి, సెప్టెంబరంతా, అక్టోబరంతా ఓడ ఆ సంచిలో తిరుగుతూనే ఉంది. లోతు తక్కువ, అడుగున రాళ్ళు. ఒకసారి రాయి మీద ఎక్కి 12 గంటలు కదల్లేదు. హడ్సన్ ఏం వెతుకుతున్నాడో నావికులకు అర్థం కాలేదు. పడమటికి వెళ్ళే సందు ఎక్కడో తప్పిపోయిందని అతను అనుకుని ఉండాలి. సముద్రం అనుకున్నది గిన్నె అని ఒప్పుకోవడానికి పూర్తిగా చుట్టి చూడాలి, అందుకు వ్యవధి లేదు. జూయెట్ బాహాటంగా ఎగతాళి చేయడం మొదలుపెట్టాడు. సెప్టెంబరు 10న ఓడ మీదే విచారణ జరిగింది. జూయెట్‌ను తీసేసి రాబర్ట్ బైలాట్‌ను మేట్ చేశారు. ఈ విచారణ గురించి మనకు తెలిసింది థామస్ ఉడ్‌హౌస్ అనే గణిత విద్యార్థి రాసుకున్న కాగితం వల్ల. అది అతని బల్ల అరలో దొరికింది, అతను దొరకలేదు.

నవంబరు మొదట్లో ఓడను ఒడ్డుకు లాగారు, పదో తేదీకల్లా మంచు బిగుసుకుంది. లండన్ అక్షాంశంలో లండన్ చలి వస్తుందనుకున్నవాళ్ళకు అది వేరే లోకం. మొదట చనిపోయింది ఫిరంగివాడు జాన్ విలియమ్స్. అతని బూడిదరంగు ఉన్ని అంగీ దగ్గర అసలు చీలిక మొదలైంది. చనిపోయినవాడి బట్టలు తెరచాప కొయ్య దగ్గర వేలం వేయడం ఓడల ఆచారం. హడ్సన్ వేలం లేకుండా అంగీని గ్రీన్‌కు ఇస్తానన్నాడు. ఈలోగా ఒడ్డున ఇల్లు కట్టమని వడ్రంగి స్టాఫ్‌ను అడిగాడు. నేల గడ్డకట్టాక ఇప్పుడా అని స్టాఫ్ మొండికేశాడు, ఇద్దరూ నోరు పారేసుకున్నారు. మర్నాడు గ్రీన్ ఆ వడ్రంగితో కలిసి వేటకు పోయాడని కోపం తెచ్చుకుని, హడ్సన్ అంగీని బైలాట్‌కు ఇచ్చేశాడు. సున్నాకు దిగువన బతకాల్సిన చోట ఒక ఉన్ని అంగీ విలువ ఏమిటో కెప్టెన్‌కు తెలియకుండా ఉండదు. ఇచ్చి లాక్కోవడం కంటే ఇవ్వకపోవడమే నయం. గ్రీన్ అప్పటి నుంచి శత్రువయ్యాడు.

చలికాలం పక్షులు ఆదుకున్నాయి. కౌజుల్లాంటి తెల్లటి పక్షులు వంద డజన్లకు పైగా కొట్టి తిన్నారు. వసంతంతో అవి వెళ్ళిపోయాయి. తర్వాత నాచు, కప్పలు. స్కర్వీతో చిగుళ్ళు వాచి, కీళ్ళు బిగిసి మంచం పట్టిన వాళ్ళను ఒక చెట్టు మొగ్గల కషాయం కొంత నిలబెట్టింది. ఆ చెట్టును గుర్తించి తెచ్చింది ఉడ్‌హౌసే.

ఆ చలికాలమంతటికీ వాళ్ళ దగ్గరికి వచ్చిన స్థానికుడు ఒక్కడు. బహుశా క్రీ మనిషి. హడ్సన్ అతనికి కత్తి, అద్దం, గుండీలు ఇచ్చాడు. అతను వెళ్ళి మళ్ళీ వచ్చాడు, బండ మీద రెండు జింక తోళ్ళు, రెండు బీవర్ తోళ్ళు లాక్కుంటూ. ముందు తీసుకున్న కత్తిని ఒక బీవర్ తోలు మీద, అద్దమూ గుండీల్ని రెండోదాని మీద పెట్టి, లెక్క సరిపోయిందన్నట్టు ఇచ్చాడు. ఇది వ్యాపారం తెలిసిన మనిషి మర్యాద. హడ్సన్ అప్పుడొక గొడ్డలి చూపించాడు. దానికి ఆ మనిషి ఒక జింక తోలు ఇవ్వబోయాడు. హడ్సన్ రెండూ కావాలన్నాడు. రెండూ ఇచ్చాడు గానీ మనసు ఒప్పి కాదు. మళ్ళీ వస్తానని సైగలు చేసి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆకలితో ఉన్న 22 మందికి ఆ నేలలో తిండి ఎక్కడుందో చెప్పగల ఒకే ఒక్క మనిషిని ఒక జింక తోలు దగ్గర పోగొట్టుకున్నారు. మంచు విడిచాక హడ్సన్ పడవ వేసుకుని వాళ్ళ కోసం వెతికితే, వాళ్ళు అడవికి నిప్పు పెట్టి దూరంగా ఉండిపోయారు.

1611 జూన్ 12న డిస్కవరీ నీళ్ళలోకి దిగింది. మిగిలిన రొట్టెలు పంచుతూ హడ్సన్ ఏడ్చాడని ప్రికెట్ రాశాడు. జున్ను పంచినప్పుడు ముద్దలు అయిదే కనిపించాయి, తొమ్మిది ఉండాలి కదా అని గొణుగుడు. ఈలోగా కెప్టెన్ బైలాట్‌నూ తీసేసి, చదవడం రాయడం రాని జాన్ కింగ్‌ను మేట్ చేశాడు. దారి లెక్కగట్టగలవాళ్ళ దగ్గరి పరికరాలు కూడా తీసేసుకున్నాడు. ఇంటికి వెళ్తున్నామా, మళ్ళీ పడమటికి వెతకడానికా అన్నది ఒక్క కెప్టెన్‌కే తెలుసు. నా లెక్కలో తిరుగుబాటుకు ఆకలి సగం కారణం, ఈ తెలియనితనం మిగతా సగం.

జూన్ 22 రాత్రి గ్రీన్, విలియం విల్సన్, జూయెట్ కూడబలుక్కున్నారు. తెల్లవారి గది బయటికొచ్చిన హడ్సన్ చేతులు వెనక్కి కట్టేశారు. అతన్నీ కొడుకునీ, జబ్బుతో కదల్లేని వాళ్ళనూ, జాన్ కింగ్‌నూ, ఉడ్‌హౌస్‌నూ చిన్న పడవలోకి దించారు. వడ్రంగి స్టాఫ్‌ను ఉంచుకుందామన్నారు, ఓడకు వడ్రంగి కావాలి కదా. అతను ఉండనన్నాడు. తన పనిముట్ల పెట్టె, ఒక తుపాకి, ఒక ఇనుప కుండ, కాస్త పిండి తీసుకుని, నవంబరులో తనతో నోరు పారేసుకున్న కెప్టెన్ వెంట తనే పడవలోకి దిగాడు. ఓడవాళ్ళు తాడు కోసి, హడ్సన్ గది వెతికారు: 200 బిస్కెట్లు, కొంచెం పిండి, ఒక పీపాడు బీరు. దాచాడన్నది అబద్ధం కాదు. కానీ అది 22 మందిని అట్లాంటిక్ దాటించే తిండీ కాదు. పడవ తెరచాప ఎత్తుకుని ఓడ వెనకే వస్తూ కనిపించింది. అది చూసి ఓడవాళ్ళు చాపలన్నీ విప్పి, శత్రువు నుంచి పారిపోయినట్టు పోయారు. పడవలో ఉన్న తొమ్మిది మంది ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు.

ఓడలో మిగిలింది 13 మంది. జూలై చివర డిగ్స్ దీవి దగ్గర తిండి కోసం ఆగితే ఇన్యుయిట్లతో పోట్లాట జరిగింది. గ్రీన్, విల్సన్‌లతో సహా నలుగురు చచ్చారు. దారి తెలిసిన బైలాట్ ఓడను నడిపాడు. పక్షుల ఎముకల్ని కొవ్వొత్తి కొవ్వులో వేయించి, వెనిగర్ చల్లుకుని తిన్నారు. ఐర్లండ్ తీరం కనిపించకముందే జూయెట్ ఆకలితో పోయాడు. సెప్టెంబరులో ఒడ్డు చేరినవాళ్ళు ఎనిమిది మంది. పథకం వేసిన ముఖ్యులందరూ చనిపోయినవాళ్ళలోనే ఉన్నారన్నది వాళ్ళ సాక్ష్యం. అది ఎంత సౌకర్యంగా ఉందో వేరే చెప్పనక్కర్లేదు.

లండన్‌లో విచారణ జరిగింది. వీళ్ళు ఉరికి అర్హులేనన్న అభిప్రాయమూ వినిపించింది. కానీ పెట్టుబడిదారుల చెవికి ఎక్కువ ఆకర్షణీయంగా వినిపించింది ఇంకో మాట: జలసంధి పడమటి కొసన బలమైన పోటు వస్తోందని, అంటే అవతల సముద్రం ఉందని. 1612లో వాయవ్య మార్గం కోసం కొత్త కంపెనీకి రాజపత్రం వచ్చింది. అందులో సభ్యులుగా బైలాట్, ప్రికెట్ పేర్లు కూడా ఉన్నాయి. అదే ఏడాది థామస్ బటన్ నాయకత్వంలో వెళ్ళిన ఓడల్లో ఒకటి డిస్కవరీయే, ఆ ఇద్దరూ ఆ ప్రయాణంలో వెళ్ళారు. బటన్ అఖాతాన్ని అడ్డంగా దాటి పడమటి ఒడ్డు చేరాడు, నెల్సన్ నది ముఖద్వారంలో చలికాలం గడిపాడు. పడవ వదిలేసిన జేమ్స్ బే వైపు మాత్రం వెళ్ళలేదు. ప్రాణాలతో వచ్చినవాళ్ళలో కొందరిపై 1618లో గానీ కేసు నడవలేదు. ఎవరికీ శిక్ష పడలేదు.

బటన్ చూసిన పడమటి ఒడ్డుతో గిన్నెకు అంచు ఉందని తేలింది. 1615లో బైలాట్, విలియం బాఫిన్ ఆటుపోట్లు కొలిచి ఇటు దారి లేదన్నారు. 1631లో ల్యూక్ ఫాక్స్, థామస్ జేమ్స్ మిగతా తీరం చూసి ఆ మాట ఖాయం చేశారు. జేమ్స్ బేకు ఆ పేరు అలా వచ్చింది. అమెరికా పైనుంచి నిజంగానే దారి ఉంది, కానీ అది ఈ అఖాతానికి ఇంకా ఉత్తరాన, దీవుల చిక్కుముడిలో ఉంది. దాన్ని ఓడలో మొదట దాటింది ఆముండ్సెన్, 1903 నుంచి 1906 దాకా పట్టింది. దారి కాని ఆ గిన్నె మాత్రం వేరే రకంగా లాభం తెచ్చింది. ఆ క్రీ మనిషి పరిచిన బీవర్ తోళ్ళే అసలు సరుకని ఇంగ్లండ్‌కు అర్థమవడానికి మరో అరవై ఏళ్ళు పట్టింది. 1670లో హడ్సన్ బే కంపెనీ పుట్టింది. ఆ అఖాతంలోకి పారే నదుల పరీవాహకమంతా, అక్కడ ఉన్నవాళ్ళను అడక్కుండానే, రాజు ఆ కంపెనీకి రాసిచ్చాడు. ఈస్టిండియా కంపెనీ పోయాక కూడా అది నడిచింది. 2025లో దుకాణాలన్నీ మూతపడేదాకా కెనడాలో ఆ పేరు బోర్డుల మీద ఉంది.

హడ్సన్ భార్య కేథరిన్‌కు మిగిలింది ఒక అర్జీ. 1614లో ఆమె ఈస్టిండియా కంపెనీ తలుపు తట్టి, చిన్న కొడుకు రిచర్డ్‌కు పని ఇప్పించమని అడిగింది. అతని తండ్రి దేశం పనిలో పోయాడు కాబట్టి ఆదుకోవడం ధర్మమని కంపెనీ ఒప్పుకుంది. కుర్రాడి బట్టాబాతాకు 5 పౌండ్లు మంజూరు చేసి, జావాలోని బాంటెన్‌కు వెళ్ళే ఓడ ఎక్కించింది. తండ్రి వెతికిన ఆసియాకు కొడుకు పాత దారిలో, గుడ్‌హోప్ చుట్టూ తిరిగి చేరాడు.

1610 నవంబరులో డిస్కవరీని ఒడ్డుకు లాగిన చోటు ఏదో ఇప్పటికీ తేలలేదు. ఇక తేలకపోవచ్చు కూడా. వేల ఏళ్ళ కిందట ఆ ప్రాంతాన్ని అణిచిపెట్టిన మంచు పలక కరిగిపోయాక అక్కడి నేల మెల్లగా పైకి లేస్తూనే ఉంది, ఏడాదికి దాదాపు ఒక సెంటీమీటరు. నాలుగు వందల ఏళ్ళలో నాలుగు మీటర్లు. జేమ్స్ బే ఒడ్డు బల్లపరుపు. అక్కడ నాలుగు మీటర్ల ఎత్తు పెరిగితే నీళ్ళు చాలా దూరం వెనక్కి పోతాయి. హడ్సన్ ఓడ బిగుసుకున్న ఒడ్డు ఇప్పుడు సముద్రం కనపడనంత లోపల, ఏ చిత్తడి పొదల కిందో ఉంటుంది.